ఆ ఓడలో జువాలజీ వాళ్లే లేరు!

1977 ఫిబ్రవరి. పసిఫిక్ మహాసముద్రంలో గాలాపగోస్ దీవుల దగ్గర ఒక అమెరికా పరిశోధక బృందం సముద్రం అడుగున వేడినీటి ఊటల కోసం వెతుకుతోంది. బృందంలో ఉన్నవాళ్లు జియాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ వాళ్లు. దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతుకు కెమెరా దించి ఫొటోలు తీస్తే ఎటు చూసినా నల్లటి లావా రాళ్లే. నీళ్లు కాస్త వెచ్చబడిన ఒక్కచోట మాత్రం తెల్లగా, గుంపులు గుంపులుగా ఆల్చిప్పల్లాంటి జీవులు కనిపించాయి. ఎండ పొడ కూడా సోకని ఆ చీకట్లో అంత పెద్ద జీవులు అన్నన్ని ఎలా బతుకుతున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగి కొన్నింటిని పైకి తెచ్చారు.

తెచ్చాక తెలిసింది అసలు ఇబ్బంది. వాటిని ఏం చేయాలో చెప్పే జీవశాస్త్రవేత్త ఓడలో ఒక్కరూ లేరు. పాడవకుండా దాచడానికి ఫార్మలిన్ కూడా కొద్దిగానే ఉంది. అది చాలక మిగిలిన వాటిని రష్యన్ వోడ్కాలో వేశారు. గత శతాబ్దంలో జీవశాస్త్రానికి దక్కిన పెద్ద ఆవిష్కరణల్లో ఒకటి అలా వోడ్కా సీసాల్లో ఒడ్డుకు చేరింది!

తిరుపతిలోనో చిత్తూరులోనో బీఎస్సీ జువాలజీ చదువుతున్న మీకు ఈ కథతో ఏం పని అంటారా? పనుంది. ఆ జీవుల కుటుంబానికి చెందినవి మన ఆంధ్ర తీరానికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగున కూడా ఉన్నాయి. ఇక్కడ కూడా వాటిని కనిపెట్టింది గ్యాస్ కోసం వెతుకుతూ వెళ్లినవాళ్లే.

పైకి చూడటం మనకు అలవాటే

మన జిల్లాల వాళ్లకు ఆకాశం కొత్త కాదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి రాడార్ కేంద్రం ఉంది. అటు శ్రీహరికోటలో రాకెట్ లేస్తే సూళ్లూరుపేటలో మిద్దెలెక్కి చూస్తారు. సముద్రం సంగతి వేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా పాత చిత్తూరు జిల్లాకు తీరమే లేదు. సూళ్లూరుపేట, తడ, పులికాట్ వైపు ప్రాంతాలు కలిశాక తిరుపతి జిల్లా వాళ్లకు 'మా సముద్రం' అనుకునే వీలు వచ్చింది. చిత్తూరు జిల్లాకు ఇప్పటికీ అదీ లేదు. అందుకే ఇంట్లో మెరైన్ బయాలజీ అనగానే "సముద్రమే లేని ఊర్లో పుట్టి సముద్రం సదువేందిరా నాయనా? బీఈడీ చేసి డీఎస్సీ రాసుకో" అనే మాట వస్తుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. ఉద్యోగ భద్రత అంటే ఏమిటో వాళ్లకు తెలుసు కాబట్టి అంటారు. కానీ నిర్ణయం తీసుకునే ముందు రెండో వైపు కూడా చూడాలి కదా.

కేజీ బేసిన్ అడుగున ఏముంది?

కృష్ణా-గోదావరి బేసిన్ అనగానే మనకు గుర్తొచ్చేది సహజవాయువు. దాని లోతు ప్రాంతాల్లో ఇంకో రూపంలో కూడా గ్యాస్ ఉంది. అదే గ్యాస్ హైడ్రేట్. బాగా చల్లగా, ఒత్తిడి బాగా ఎక్కువగా ఉండేచోట మీథేన్ అణువులు నీటి అణువుల మధ్య చిక్కుకుని మంచుగడ్డలా మారతాయి. అగ్గిపుల్ల చూపిస్తే ఆ మంచు మండుతుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే సుమారు 160 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ వచ్చి మన తీరానికి ఎదురుగా తవ్వినప్పుడు కేజీ బేసిన్‌లో ఈ నిల్వలు బయటపడ్డాయి.

మరుసటి ఏడాది, 2007 మేలో, మారియన్ డుఫ్రెన్ అనే మరో ఓడ అదే బేసిన్‌లో సముద్రం అడుగు నుంచి పొడవాటి గొట్టంతో బురదను కోసి తీసింది. తాటి ముంజెలో వేలు పెట్టినట్టు మెత్తటి బురదలోకి గొట్టం దిగిపోతుంది. పైకి లాగితే వేల ఏళ్ల పొరలు ఒకదాని మీద ఒకటి అలాగే వస్తాయి. ఆ గొట్టంలో 16 నుంచి 20 మీటర్ల లోతు పొరలో గట్టి సున్నపు ముక్కలు, వాటితో పాటు చిప్పలు దొరికాయి. గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ (ఎన్ఐఓ) శాస్త్రవేత్త అనింద్య మజుందార్ బృందం పరిశీలించి అవి కాలిప్టోజీనా రకం చిప్పలని తేల్చింది. గాలాపగోస్‌లో కనబడ్డ పెద్ద ఆల్చిప్పలకు 1980లో పెట్టిన పేరు కూడా కాలిప్టోజీనా మాగ్నిఫికానే. వెసికోమైడే అనే కుటుంబం రెండింటిదీ.

కేజీ బేసిన్ సున్నపు ముక్కల వయసు కట్టి చూస్తే 46 వేల నుంచి 53 వేల ఏళ్లని తేలింది. అంటే ఒకప్పుడు అక్కడ మీథేన్ ఊట ఉండేది. దాని చుట్టూ ఈ జీవులు బతికాయి. ఊట ఆగాక చచ్చిపోయాయి. పైన కృష్ణా, గోదావరి తెచ్చిన ఒండ్రు పరుచుకుంటూ పోయింది. ఊరు ఖాళీ అయ్యాక మిగిలిన గోడల లాంటివి ఆ చిప్పలు.

మరి బతికున్నవి లేవా? ఉన్నాయి. 2019లో అదే సంస్థ బృందం ప్రచురించిన పరిశోధన పత్రం భారత ప్రత్యేక ఆర్థిక మండలిలో తొలిసారిగా సజీవమైన మీథేన్ ఊటల జీవావరణాన్ని చూపింది. కేజీ బేసిన్‌లో 900 నుంచి 1,800 మీటర్ల లోతున, నీళ్లలోకి గ్యాస్ బుడగలు మంటల్లా పైకి లేస్తున్న చోట్ల ఆ జీవులు దొరికాయి. అడుగు నుంచి రెండు మూడు మీటర్ల లోపే హైడ్రేట్ కూడా దొరికింది. ఆ పత్రం సారాంశంలో వెసికోమైడే, మైటిలిడే, థయాసిరిడే, సోలిమైడే అని నాలుగు ఆల్చిప్పల కుటుంబాలు, ఒక పురుగుల కుటుంబం, ఒక నత్తల కుటుంబం పేర్లు ఉన్నాయి. కుటుంబం అంటే ఇంటిపేరు లాంటిది. లోపల ఎవరెవరున్నారో చెప్పాలంటే ప్రజాతి, జాతి దాకా వెళ్లాలి. అది ఎవరి పని? జువాలజీ చదివినవాళ్ల పని.

కుళ్లిన గుడ్డు వాసనే అన్నం

డిగ్రీ జువాలజీలో మొలస్కా చదివే ఉంటారు. పెలిసిపోడాలో ముత్యం ఎలా తయారవుతుందో అయిదు మార్కులకు రాసి ఉంటారు. మన చెరువుల్లో దొరికే లామెల్లిడెన్స్‌నైతే ల్యాబ్‌లో కోసి కూడా చూసి ఉంటారు. అది మొప్పలతో నీళ్లను వడగట్టి, అందులోని నాచు తునకలను నోటికి చేర్చి తింటుంది. పేగు మెలికలు తిరిగి ఉంటుంది.

ఊటల దగ్గరి కాలిప్టోజీనాను కోస్తే పుస్తకంలో బొమ్మకు, ట్రేలో ఉన్నదానికి పొంతన కుదరదు. పేగు సన్నగా, పనికిరానట్టు కుంచించుకుపోయి ఉంటుంది. మొప్పలు మాత్రం లావుగా, కండపట్టి ఉంటాయి. ఇంకో వింత, కత్తి తగలగానే ఎర్రటి రక్తం కారుతుంది. మనకు ఉన్నట్టే దాని రక్తకణాల్లోనూ హీమోగ్లోబిన్ ఉంది. ఆల్చిప్ప జాతుల్లో ఇది అరుదు.

ఆ మొప్పల్లోనే కిటుకంతా ఉంది. మొప్ప కణాల లోపల కోట్లాది బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. బురదలో పైకి వస్తున్న మీథేన్‌ను ముందు వేరే సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేట్ సాయంతో ఆక్సీకరిస్తాయి. అప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. కెమిస్ట్రీ ల్యాబ్‌లో కిప్స్ అపరేటస్ దగ్గర ముక్కు మూసుకున్నారే, అదే కుళ్లిన గుడ్డు వాసన గ్యాస్. మన కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుపడే విషం అది. ఈ జీవి తన కాలును బురదలోకి దించి ఆ విషాన్నే పీల్చుకుంటుంది. రక్తంలో దాన్ని గట్టిగా పట్టుకునే ఒక పదార్థం ఉంది. అందుకే మిగతా శరీరానికి హాని లేకుండా మొప్పలదాకా చేరుస్తుంది. పైన నీటిలోకి చాచిన గొట్టంతో ఆక్సిజన్ తెస్తుంది. ఆ రెండూ అందితే లోపలి బ్యాక్టీరియా వాటితో శక్తి పుట్టించి, కార్బన్ డయాక్సైడ్ నుంచి ఆహారం వండిపెడుతుంది. మొక్కలు ఎండతో చేసే పనిని ఇవి గంధకంతో చేస్తున్నాయన్నమాట. అలాగని సూర్యుడితో బొత్తిగా సంబంధం లేని బతుకు అనడం సరికాదు. అవి వాడే ఆక్సిజన్ పైన ఎండలో మొక్కలు, నాచు వదిలినదే. ఈ చిన్న విషయం చాలా వ్యాసాల్లో తప్పుగా కనిపిస్తుంటుంది.

తల్లి నుంచి పిల్లకు ఈ బ్యాక్టీరియా గుడ్డులోనే అందుతుంది. తరతరాలుగా ఇలా లోపలే ఉండిపోవడంతో వాటి జన్యువులు తగ్గిపోయాయి. మన పేగుల్లో ఉండే ఇ.కోలై జన్యుక్రమం సుమారు 46 లక్షల అక్షరాలైతే, కాలిప్టోజీనా మాగ్నిఫికాలో ఉండేదానిది దాదాపు 11 లక్షల 60 వేలే. సొంతంగా బయట బతకడానికి కావలసిన సరంజామా చాలా వదిలేసింది. ఆతిథ్యం ఇచ్చిన జీవికి కావలసిన అమైనో ఆమ్లాలు, విటమిన్లు తయారుచేసే జన్యువులు మాత్రం దాచుకుంది. 2007లో ఈ జన్యుక్రమాన్ని చదివినవాళ్లు దానికి రూథియా మాగ్నిఫికా అని పేరు పెట్టారు. ఆ రూథ్ ఎవరంటే హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రూథ్ టర్నర్. కలపను తొలిచే సముద్రపు ఆల్చిప్పల మీద జీవితమంతా పనిచేసిన ఆమె, 1971లో ఆల్విన్‌లో దిగిన తొలి మహిళా శాస్త్రవేత్త. కాలిప్టోజీనా మాగ్నిఫికాకు శాస్త్రీయంగా పేరు పెట్టిన ఇద్దరిలో ఒకరు కూడా. ఓడలో లేని జువాలజీ వాళ్ల పనిని తర్వాత ఒడ్డున చేసింది అలాంటివాళ్లే.

ఇక చిన్నవాళ్ల సంగతి. గాలాపగోస్ జీవి జానెడు పైనే పెరుగుతుంది గానీ, దాని కుటుంబంలోనే వెసికోమయా అనే ప్రజాతి జీవులు మిల్లీమీటర్లలో ఉంటాయి. ఊటలతో పని లేకుండా మామూలు లోతు బురదలో, పనిచేసే పేగుతోనే బతికేస్తాయి. కేజీ బేసిన్ జాబితాలో ఉన్న థయాసిరిడే కుటుంబం వాళ్లు కూడా చాలావరకు చిన్నవాళ్లే. వీటిలో కొన్నింటి కాలు పురుగులా సన్నగా సాగి, బురదలో నాలుగు వైపులా సందులు చేసుకుంటూ సల్ఫైడ్ కోసం వెతుకుతుంది. చిప్ప పొడవుకు 30 రెట్ల దాకా సాగుతుందని 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేలింది. చింతగింజంత జీవి మూరెడు దూరం కాలు చాపినట్టు! అందులోనూ అన్నీ ఒకలా ఉండవు. కొన్నింటి మొప్పల్లో బ్యాక్టీరియా ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు. ఉన్నచోట కూడా వెసికోమైడేలో లాగా కణాల లోపల కాకుండా బయటి అంచున ఉంటుంది. ఆ జీవి అప్పుడప్పుడూ వాటినే అరిగించుకుంటుంది. కోళ్లు పెంచుకుని కోసుకుతిన్నట్టు.

చిన్నవి కావడం వల్లే వీటితో చిక్కు. బురదను జల్లెడ పట్టేటప్పుడు జారిపోతాయి. చిప్పలు ఒకదానిలా ఒకటి ఉంటాయి. పైకి ఒకే జాతి అనుకున్నవి డీఎన్ఏ చూస్తే రెండు మూడు జాతులుగా తేలడం వెసికోమైడేలో చాలాసార్లు జరిగింది. చిప్ప కీలు దగ్గరి పళ్లు చూసి గుర్తుపట్టగల కన్ను, పీసీఆర్ చేయగల చెయ్యి రెండూ ఒకే మనిషికి ఉంటే ఆ మనిషికి విలువ.

గ్యాస్ తీసే రోజు వస్తే

ఇదంతా వింత జీవుల ముచ్చటగా వదిలేయడానికి లేదు. కేజీ బేసిన్ హైడ్రేట్లను వాణిజ్యపరంగా తీయడం ఇంకా మొదలు కాలేదు. కానీ 2006 తర్వాత 2015లో రెండోసారి పెద్ద ఎత్తున తవ్వి చూశారంటేనే దేశానికి ఆ గ్యాస్ ఎంత అవసరమో తెలుస్తుంది. హైడ్రేట్ ఎక్కడ పైపైన ఉందో, ఊట ఎక్కడ ఉందో, ఈ జీవులు అక్కడే ఉంటాయి. రేపు అక్కడ గొట్టం దించే ముందు 'ఇక్కడ ఏ జాతులున్నాయి, ఇంకెక్కడైనా ఉన్నాయా, ఇక్కడే ఉండి ఇక్కడితోనే పోయేవి ఏవి?' అని ఎవరో ఒకరు చెప్పాలి. కుటుంబం పేరుతో ఆ జవాబు రాదు. ఊటకు ఊటకు మధ్య మామూలు బురద ఎంతో దూరం ఉంటుంది. ఒక ఊటలో పుట్టిన లార్వా ఇంకో ఊటను ఎలా చేరుతుందన్నది ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తలు ఇంకా తేలుస్తున్న ప్రశ్న. ఆ లెక్క తెలియకుండా ఒక ఊటను చెరిపితే ఏం పోతుందో చెప్పలేం. నా ఉద్దేశంలో, జువాలజీ డిగ్రీకి మన రాష్ట్రంలో ఇంతకంటే సూటిగా తగిలే పని ఇంకోటి లేదు.

మీరు అక్కడికి వెళ్లాలంటే

ఇంటర్ బైపీసీ లేదా ఎంపీసీలో ఉన్నవాళ్లకు మన గుమ్మంలోనే ఐసర్ తిరుపతి ఉంది, ఏర్పేడు దగ్గర. ఐసర్ల ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయాలి. బయాలజీతో పాటు భూ, వాతావరణ శాస్త్రాలు కూడా అక్కడ చదవొచ్చు. ఈ రంగానికి ఆ రెండూ కలిసిన చదువు చాలా ఉపయోగం.

డిగ్రీలో ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చేసినా దారి మూసుకుపోదు. నేరుగా సముద్రం వైపే వెళ్లాలనుకుంటే నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉంది. తమిళనాడులో పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయం వాళ్ల మెరైన్ బయాలజీ కేంద్రం పాతది, పేరున్నది. చిత్తూరు వాళ్లకు విశాఖ కంటే అదే దగ్గర. జియాలజీ, కెమిస్ట్రీ వాళ్లకూ ఈ రంగంలో చోటుంది. ఊటలను కనిపెట్టింది వాళ్లేనని ముందే చెప్పుకున్నాం కదా.

ఆ తర్వాత అసలు గేటు సీఎస్ఐఆర్ నెట్. లైఫ్ సైన్సెస్‌లో రాయొచ్చు, లేదా ఎర్త్, అట్మాస్ఫియరిక్, ఓషన్ అండ్ ప్లానెటరీ సైన్సెస్‌లో రాయొచ్చు. రెండో పేపర్ సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు రూ.37 వేలు, రెండేళ్ల తర్వాత రూ.42 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి గోవాలోని ఎన్ఐఓ, లోతు సముద్ర జీవుల మీద ప్రత్యేకంగా పనిచేసే కొచ్చిలోని సీఎంఎల్ఆర్ఈ, చెన్నైలోని ఎన్ఐఓటీ, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రాలు చూసుకోవాలి. ఎన్ఐఓకు విశాఖలో కూడా ప్రాంతీయ కేంద్రం ఉంది. నోటిఫికేషన్లు, అర్హతలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆయా సంస్థల వెబ్‌సైట్లలో ఒకసారి సరిచూసుకోండి.

డబ్బు ఉందా అంటే, ప్రభుత్వం 2021 జూన్‌లో డీప్ ఓషన్ మిషన్‌ను ఆమోదించింది. అయిదేళ్లకు అంచనా రూ.4,077 కోట్లు. లోతు సముద్ర జీవవైవిధ్యాన్ని అన్వేషించడం అందులో ఒక భాగం. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య 6000 జలాంతర్గామిని ఎన్ఐఓటీ తయారుచేస్తోంది. 2025 ఆరంభంలో దాన్ని నీటిలో దించి పరీక్షించింది ఎక్కడో కాదు, పులికాట్‌కు దక్షిణాన చెన్నై దగ్గరి కాటుపల్లి రేవులో.

ఇప్పుడు చేదు నిజం. ఈ రంగంలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత కొన్నాళ్లు ప్రాజెక్టు పోస్టుల్లో, ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూస్తూ గడపాల్సి రావచ్చు. ఓడలో కడుపు తిప్పుతుంది. రోజుల తరబడి ఫోన్ ఉండదు. అర్ధరాత్రి రెండింటికి గొట్టం పైకి వస్తే బురద కడగడానికి లేవాలి. ఇంటి బాధ్యత తొందరగా నెత్తిన పడేవాళ్లు ఇది లెక్కేసుకునే దిగాలి. బీఈడీ పక్కన పెట్టుకుని నెట్ రాసేవాళ్లను నేను తప్పు పట్టను.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలనుకుంటే ఓడ అక్కర్లేదు. చెరువు లామెల్లిడెన్స్‌ను ఈసారి మార్కుల కోసం కాకుండా కోయండి. రెండు చిప్పలు కలిసే కీలు దగ్గర పళ్లు ఎన్ని ఉన్నాయో, ఎలా ఉన్నాయో స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. చిన్న కండ ముక్కను ఫార్మలిన్‌లో కాకుండా ఆల్కహాల్‌లో దాచండి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది. ఆ లెక్కన చూస్తే గాలాపగోస్ వాళ్ల వోడ్కా మరీ అంత వెర్రి ఆలోచనేం కాదు. జెన్‌బ్యాంక్‌లో ఉచితంగా దొరికే సీఓఐ అనే జన్యువు అక్షరాలను దింపుకుని, వెసికోమైడేకూ థయాసిరిడేకూ చెట్టు గీయడం ల్యాప్‌టాప్‌లో వారం రోజుల పని.

వీలైతే ఒక ఆదివారం పులికాట్ వెళ్లిరండి. అక్కడ పాత చిప్పల పొరలు కనిపిస్తాయి. ఒకప్పుడు గుల్ల సున్నానికి తవ్వినవే అవి. సరస్సు పక్షుల అభయారణ్యం, కాబట్టి ఏదీ జేబులో వేసుకోకండి. ఒక చిప్పను తిప్పి లోపలి వైపు చూడండి. అంచుకు సమాంతరంగా ఒక సన్నటి గీత ఉంటుంది. వెనుక వైపు ఆ గీత లోపలికి మడత పడిందా, తిన్నగా పోయిందా? గొట్టాన్ని లోపలికి లాక్కునే జీవికి మడత లోతుగా ఉంటుంది. వెసికోమైడేలో అది చాలా చిన్నది, కొన్నింటిలో అసలు ఉండదు. ఫొటో తీసుకుని, పక్కన తేదీ, చోటు రాసి పెట్టుకోండి.